రాయలకూ దొరలకూ నడుమ

1

కడపలో ఒక సాహిత్య సభ ముగిసిన తర్వాత, తెలుగు ఎం.ఏ. చదువుతున్న ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. చారిత్రక నవల రాయాలని ఉందన్నాడు. కాలం పదునెనిమిదవ శతాబ్దం. స్థలం కడప, కర్నూలు ప్రాంతం. మంచి ఆలోచన అన్నాను. "కానీ సార్, అప్పుడు మనకు రాజులెవరూ లేరు గదా, కథ ఎవరి చుట్టూ నడపాల?" అని అడిగినాడు. కడపలో నవాబులున్నారు, కర్నూలులో నవాబులున్నారు గదయ్యా అన్నాను. "వాళ్ళు నవాబులు గద సార్. నేననేది మన రాజులు" అన్నాడు.

ఆ పిల్లవాడు మతోన్మాది కాడు. సభలో కొద్దిసేపటి క్రితమే రైతు ఉద్యమాల మీద ఉద్వేగంతో మాట్లాడినవాడు. "మన" అన్న ఆ మాట అతని నోటినుంచి ద్వేషంతో రాలేదు, అలవాటుగా వచ్చింది. ద్వేషంతో వచ్చిన మాటతో వాదించవచ్చు. అలవాటుగా వచ్చిన మాటతో వాదించడం కష్టం, ఎందుకంటే దాని వెనక ఒక మనిషి ఉండడు, ఒక సాహిత్యం ఉంటుంది. ఆ సాహిత్యంలో మనమంతా ఉన్నాం. కనుక ఈ వ్యాసం ఆ యువకుడికి జవాబు కాదు. మనకు మనం చెప్పుకోవలసిన సంజాయిషీ.

2

మన ప్రాంతానికి చరిత్రలో రెండు పేర్లు నిలిచాయి. 1800లో నిజాం ఈ భూభాగాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు గనుక దత్తమండలాలు అన్నారు. అది మనుషుల్ని గొడ్లలాగ ఒక పలుపునుంచి ఇంకో పలుపుకు మార్చిన పేరు. ఆ అవమానాన్ని తుడిచివేయడానికి 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు సూచనమీద రాయలసీమ అన్న పేరు పెట్టుకొన్నాం. ఆ పేరు అప్పటికి అవసరం. దాని వెనకనున్న ఆత్మగౌరవాన్ని తక్కువచేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

కాని ఒక్కసారి ఆలోచించండి. ఒక పేరు ఇంగ్లీషు దొరల లావాదేవీనుంచి వచ్చింది. రెండవది 1529లో చనిపోయిన కృష్ణదేవరాయల జ్ఞాపకంనుంచి వచ్చింది. నడుమ ఉన్న రెండువందల డెబ్బై ఏళ్ళకు పేరు లేదు. అందులో మొదటి సగం రాయల వారసుల పతనంగానైనా మనకు గుర్తుంది. రెండవ సగం, అంటే గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ కడపను తన పేరుమీద నేక్‌నామాబాదు అని పిలిపించుకొన్న నాటినుంచి మన్రో కచేరీ పెట్టేదాకా, శుద్ధశూన్యం. కర్నూలు సంగతి ఇంకా విచిత్రం. కర్నూలు కోట, దాని చుట్టుపక్కల సీమ 1839 దాకా నవాబుల చేతిలోనే ఉన్నాయి. నాలుగైదు తరాల మనుషులు పుట్టి, సేద్యం చేసి, శిస్తు కట్టి, కరువుకు చచ్చిన కాలాన్ని మనం పుస్తకంలో తెల్లకాగితంలాగ తిప్పేశాం.

సాహిత్యంలోనూ ఇదే వరస. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులోనే రాసిన ‘పెనుగొండలక్ష్మి’ కూలిన వైభవానికి కన్నీరు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ ఎండిన బతుకుకు కన్నీరు. రెండూ గొప్పవే, రెండవది మనకు మరీ ప్రాణప్రదమైనది. అయితే ఆ కన్నీటికీ ఈ కన్నీటికీ నడుమ దారి ఏది? రతనాలు రాసులుపోసి అమ్మిన అంగడినుంచి గంజికేంద్రం దాకా ఈ నేల ఏ మెట్లమీదుగా దిగివచ్చింది? ఆ మెట్లే పదునెనిమిదవ శతాబ్దం. దాన్ని దాటివేసినప్పుడు కరువు చరిత్రలోనుంచి కాక ఆకాశంలోనుంచి ఊడిపడినట్లు కనిపిస్తుంది. అప్పుడు కరువుకు కారణం దేవుడైనా కావాలి, తురకైనా కావాలి. మొదటి సమాధానం పాతది. రెండవ సమాధానం ఈనాడు ఊరూరా తయారవుతున్నది. అందుకనే ఇది కేవలం సాహిత్య చరిత్రలో ఖాళీని పూరించే వ్యవహారం కాదంటున్నాను.

3

ఈ నిశ్శబ్దంలో ఆ శతాబ్దం ప్రస్తావన ఎప్పుడైనా వస్తే, వచ్చే కథ ఒక్కటే. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నిజాం నాసిర్‌జంగు హత్య. కడప, కర్నూలు, సవనూరు పఠాను నవాబులు ఫ్రెంచివాళ్ళతో లోపాయికారీగా కలిసి చేసిన కుట్ర అది. తుపాకి పేల్చింది కడప నవాబని కొన్ని పుస్తకాలు, కర్నూలు నవాబు హిమ్మత్ ఖానని కొన్ని పుస్తకాలు. ముజఫర్‌జంగు గద్దెనెక్కాడు. పంపకాల్లో తేడా వచ్చింది. 1751 ఫిబ్రవరిలో బుస్సీ సేనను వెంటబెట్టుకొని హైదరాబాదుకు పోతూ రాయచోటి ప్రాంతంలో అదే నవాబులతో తలపడి ముజఫర్‌జంగు చచ్చాడు. హిమ్మత్ ఖానూ అక్కడే పడ్డాడు. శవాలు చల్లారకముందే సలాబత్‌జంగును నిజాం చేశారు. ఆ సైన్యమే దారిలో కర్నూలు కోటమీద పడి పట్టుకొన్నది.

రెండు నెలల్లో ఇద్దరు నిజాములు. నాటకానికి ఇంతకంటే ఏం కావాలి? కాని తుపాకి పేల్చిన చెయ్యి ఎవరిదని తగవులాడిన గ్రంథకర్తల్లో ఒక్కరికైనా ఇంకొక ప్రశ్న తోచిందా? ఫిబ్రవరి అంటే మాఘమాసం. రాయచోటి మెట్టనేలల్లో అప్పుడు రైతు ఇంట ఏ గింజ ఉంది? ఫ్రెంచి ఫౌజు, నిజాం ఫౌజు, నవాబుల ఫౌజులు ఆ దారిన పోయినప్పుడు ఆ గింజ ఏమైంది? ఏనుగులు, గుర్రాలు, బండెద్దులు ఏ వామి మేశాయి? కుట్ర కథలో ఈ ప్రశ్నకు చోటు లేదు. అది చెడ్డ కథ కావడంవల్ల కాదు. దర్బారు గోడలు దాటి చూడని కథ కావడంవల్ల.

దర్బారు గోడల బయట ఏం జరిగిందో చూడండి. 1757లో మరాఠా సేన కడప మీదికి వచ్చి నవాబు అబ్దుల్ మజీద్ ఖాన్‌ను యుద్ధంలో చంపింది. 1779లో హైదరాలీ వచ్చి, సిద్ధవటంలో చివరి నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను లొంగదీసుకొని శ్రీరంగపట్నం పంపించాడు. 1792లో టిప్పు ఓడినప్పుడు కడప నిజాం వాటాకు పోయింది. 1800లో కంపెనీకి పోయింది. నలభైమూడేళ్ళలో నాలుగుసార్లు ఫౌజులో, ఒడంబడికలో వచ్చి ఈ సీమ తలరాతను మార్చాయి. 1757లో ఇరవై ఏళ్ళ వయసున్న సేద్యగాడు బతికి బట్టకడితే, అరవైమూడేళ్ళకు కంపెనీ రైతు అయ్యాడు. మరాఠాలు హిందువులు, హైదరు ముసల్మాను, నిజాము ముసల్మాను, కంపెనీవాడు క్రైస్తవుడు. శిస్తు అడిగినప్పుడు ఆ నలుగురిలో ఎవరు ఏ మతంవాడో అతనికి తెలిసే ఉంటుంది. తెలిసి ఏం ప్రయోజనం?

4

రాజుల కథ ఒక శతాబ్దాన్ని ఎలా మింగుతుందో చూపడానికి ఈ సీమనుంచి కొంచెం దూరం పోతాను. డెన్మార్కు. అదెందుకంటారా? అది మనకు పూర్తిగా పరాయి దేశమేమీ కాదు. డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ ఆదరణతో తరంగంబాడిలో ఏర్పడిన మిషను తరఫున 1719లో వచ్చిన జర్మన్ పాదిరీ బెంజమిన్ షుల్జ్, తర్వాత మద్రాసు చేరి, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. మనదేశం విడిచిపోయిన తర్వాత 1746–47లో జర్మనీలోని హాలె పట్టణంలో చిన్నచిన్న తెలుగు మతగ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరం అచ్చు ముఖం చూసింది అప్పుడే. శతాబ్దం మారుతుండగా, కంపెనీ తన గడ్డమీద మతప్రచారం చేసుకోనివ్వని విలియం కేరీకి నీడనిచ్చింది కూడా డెన్మార్కు జెండా ఎగిరే శ్రీరాంపురమే. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది అక్కడే. కడప నవాబులను పరాయివాళ్ళంటున్న మనం, మన లిపికి అచ్చుదారి చూపిన వ్యవహారంలో ఉత్తర సముద్రం ఒడ్డునున్న ఒక రాజుకు కూడా భాగముందని గుర్తుంచుకోవడం మంచిది. చరిత్రలో మనది, పరాయిది అన్న గీత మనం గీసుకొన్నంత తిన్నగా ఉండదు.

ఇక ఆ దేశపు పదునెనిమిదవ శతాబ్దం సంగతి. ఈనాడు ప్రపంచానికి దానిగురించి తెలిసిన కథ ఒక్కటే. 1766లో గద్దెనెక్కిన ఏడవ క్రిస్టియన్‌కు మతిస్థిమితం లేదు. అతని వైద్యుడు స్ట్రుయెన్సె 1770 నాటికి రాజ్యం మొత్తం చేతిలోకి తీసుకొన్నాడు. రాణి కరోలిన్ మటిల్డా అతన్ని ప్రేమించింది. ఆమె ఇంగ్లండు రాజు మూడవ జార్జి చెల్లెలు. 1772 జనవరిలో కుట్ర జరిగి అందరూ పట్టుబడ్డారు. ఏప్రిల్ 28న వైద్యుడి తల నరికారు. స్వీడన్ రచయిత పెర్ ఊలోవ్ ఎన్‌క్విస్ట్ 1999లో దీనిమీద మంచి నవల రాశాడు. 2012లో డెన్మార్కువాళ్ళే సినిమా తీశారు. మతిలేని రాజు, రాణి ప్రేమ, వైద్యుడి శిరచ్ఛేదం: మన నాసిర్‌జంగు హత్యలాగనే నాటకానికి అన్నీ ఉన్నాయి.

ఆ నాటకం బయట ఏముంది? 1733లో ఆరవ క్రిస్టియన్ ఒక శాసనం చేశాడు. పద్నాలుగేళ్ళనుంచి ముప్ఫైఆరేళ్ళ దాకా వయసున్న పల్లెటూరి మగవాడు తాను పుట్టిన జమీందారీ వదిలి పోగూడదు. భూస్వాములకు కూలి మనుషులు, రాజుకు సిపాయిలు కరువు కాకుండా చేసిన ఏర్పాటు అది. తర్వాత ఆ వయసు హద్దుల్ని ఇంకా పెంచారు. యాభైఐదేళ్ళ తర్వాత 1788లో దాన్ని ఎత్తివేయడం మొదలుపెట్టారు. కోపెన్‌హేగన్‌లో ఆ విముక్తికి గుర్తుగా స్తంభం నిలబెట్టారు. ఆ స్తంభంమీద చెక్కిన మాటల్లో విముక్తి ఇచ్చినవాడు రాజు. ఎన్ని తరాలు బందీలుగా బతికాయో, వాళ్ళు ఏమనుకొన్నారో స్తంభం చెప్పదు.

స్ట్రుయెన్సె కథలో రచయితలకు పనికివచ్చే పాఠం ఇంకొకటుంది. 1770 సెప్టెంబరులో అతడు ఒక్క ఉత్తరువుతో గ్రంథాల ముందస్తు తనిఖీని పూర్తిగా రద్దుచేశాడు. అప్పటికి ఐరోపాలో అలాంటిది లేదు. కరపత్రాలు వరదలాగ వచ్చాయి. చాలావాటిలో తిట్లు తిన్నది అతడే. ఏడాది తిరిగేసరికి అతడే పట్టు బిగించవలసి వచ్చింది. అతడు పోయిన తర్వాత వచ్చినవాళ్ళు మిగిలినదాన్ని కత్తిరించారు. పైనుంచి సంతకంతో వచ్చిన స్వేచ్ఛ సంతకంతోనే పోతుంది.

అయితే ఆ శతాబ్దంలోనే డేనిష్ భాషలో ఒక రచయిత దర్బారు బయటికి చూశాడు. లుద్విగ్ హోల్‌బెర్గ్ 1722లో ‘కొండమీది జెప్పె’ అనే ప్రహసనం రాశాడు. తాగి దారిలో పడిపోయిన రైతును దొర తన పడకమీద పడుకోబెట్టించి, లేచిన తర్వాత నువ్వే దొరవని నమ్మిస్తాడు. రైతు ఒక్కరోజు దొరతనం చేసి, అసలు దొరను మించిన క్రూరుడౌతాడు. మళ్ళీ తాగించి, దొంగ విచారణ జరిపించి, ఉరితీసినట్లు భ్రమపెట్టి వదిలేస్తారు. తక్కువవాడికి అధికారమిస్తే ఇంతే అన్నది దొర తీసే నీతి. నాటకం ముగింపు పాలకవర్గం పక్షమే, సందేహం లేదు. కాని ఆ ముగింపుకు ముందు జెప్పె తన బతుకు తాను చెప్పుకొన్నాడు: ఇంట్లో తిట్లు, దివాణంలో దెబ్బలు, తాగడానికి కారణాలు. ప్రేక్షకుడు ఇంటికి తీసుకుపోయేది నీతిని కాదు, జెప్పెను. రచయిత ఉద్దేశాన్ని దాటి పాత్ర నిలబడింది. వైద్యుడు, రాణి కథ చదివినవాళ్ళకు ఆ కాలపు రాచనగరు తెలుస్తుంది. జెప్పెను చూసినవాళ్ళకు ఆ కాలపు నేల తెలుస్తుంది.

5

మనకు హోల్‌బెర్గ్ లేడు. నిజమే. మరి మనకేముంది?

మొదటిది, కైఫీయతులు. మెకంజీ దొర కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలైనవాళ్ళు ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రలవి. కరణాల దగ్గరున్న దండకవిలెల్ని, పెద్దల నోటిమాటల్ని చేర్చి రాసినవి. కడప జిల్లావి ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం పుణ్యాన సంపుటాలుగా అచ్చులో ఉన్నాయి. విద్యార్థులు వీటిని దేవాలయాల పుట్టుపూర్వోత్తరాల కోసమో, పరిశోధన వ్యాసంలో అధోజ్ఞాపిక కోసమో తిరగేస్తారు. వచనంగా చదివినవాళ్ళు తక్కువ.

నేను వచనంగా చదివాను. అందులో రాజులు వచ్చే తీరు నన్ను ఆశ్చర్యపరిచింది. కరణానికి రాజు నాయకుడు కాడు, కాలం గుర్తు. ఫలానావారి ప్రభుత్వంలో చెరువు కట్టినారు. ఫలానావారి దినాల్లో ఫౌజులు తిరిగి ఊరు పాడైంది. ఫలానా ఆమిలుదారు కౌలు ఇచ్చి కాపుల్ని మళ్ళీ పిలిపించినాడు: వరస ఇలా నడుస్తుంది. వాక్యం వ్యాకరణంలో రాజు కర్తే కావచ్చు. బరువు మాత్రం చెరువుమీద, కట్టమీద, మాన్యంమీద, వలసపోయి తిరిగివచ్చిన కాపుమీద ఉంటుంది. రాయలు పోయి నవాబు వచ్చినప్పుడు ఆ వచనం గొంతు పగిలి ఏడవదు. నవాబు పోయి హైదరు వచ్చినప్పుడు సంబరపడదు. అడిగేది ఒకటే: ఊరు నిలిచిందా, పాడైందా?

అయితే కైఫీయతు ప్రజల గొంతు అని ఉత్సాహపడి ప్రకటించే తొందర నాకు లేదు. అది కరణం గొంతు. తన మిరాశి, బ్రాహ్మణుల అగ్రహారాలు, దేవుని మాన్యాలు పోకుండా చూసుకోవాలన్న ఆతురత ప్రతి పుటలోనూ ఉంది. అడుగుతున్నవాడు కొత్త దొర గనుక, అతనికి ఏం వినిపించాలో తెలిసి చెప్పిన మాటలూ ఉన్నాయి. మాలపల్లె, మాదిగపల్లె అందులో పేర్లుగానే వస్తాయి తప్ప నోరు తెరవవు. ఆడమనిషి సతిగానో దేవతగానో తప్ప రాదు. అయినా, హోల్‌బెర్గ్ దొర నీతిని దాటి జెప్పె నిలబడినట్లే, కరణం స్వార్థాన్ని దాటి ఆ వచనంలో ఊరు నిలబడింది.

రెండవది, పరంపర కథలు. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడు, ముడుమాలవాడు. కొడుకు కులం తప్పినాడని తండ్రి నవాబుకు ఫిర్యాదు చేయడం, నవాబు గురుశిష్యుల్ని పిలిపించి పరీక్షించడం ఈ సీమలో పిల్లవాడికి కూడా తెలిసిన కథ. మహిమల సంగతి పక్కనపెట్టి, ఆ కథలో నవాబు స్థానం చూడండి. అతడు రాక్షసుడు కాడు. మతం మార్చే కత్తి అతని చేతిలో లేదు. ఫిర్యాదు వినవలసిన అధికారి, చివరికి ఒక దూదేకుల పిల్లవాడి ముందు తలవంచవలసిన అధికారి. జనం నవాబును గుర్తుపెట్టుకొన్న తీరు ఇది. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముసల్మానులు వెళ్ళే ఆచారం, మొహర్రంలో పీర్లను రెడ్లు, బోయలు, మాదిగలు మోసే ఆచారం కూడా పుస్తకాలు రాసిన "మన", "పరాయి" గీతకు లోబడకుండా బతికివచ్చినవే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మాటలు. నవాబులు ఊళ్ళకు తమ పేర్లు పెట్టుకొన్నారు. కడప నేక్‌నామాబాదు అయింది. కర్నూలు కమర్‌నగర్ అయింది. ఆదోని ఇంతియాజ్‌గఢ్ అయింది. జనం వాటిలో ఒక్కదాన్నీ నోట నిలుపుకోలేదు. ఊళ్ళ పేర్లను పట్టించుకోని చరిత్రకారుడికి ఇది వింత. ఊళ్ళ పేర్లమీదనే పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డిగారివంటి కథకులకు మాత్రం, పేరు పెట్టే అధికారం వేరు, పిలిచే నోరు వేరు అని బాగా తెలుసు. రాజుల పేర్లు రాలిపోయాయి. కాని గోల్కొండ కాలంనుంచి నవాబుల దాకా కచేరీల్లో నలిగిన మాటలు నిలిచాయి: వసూలు, బకాయి, జప్తు, కౌలు, ఇనాము. ఇవన్నీ పీడన పరిభాష అనుకొని వదిలేద్దామా? మరి ఫిర్యాదు ఎక్కడిది? హక్కు ఎక్కడిది? అవీ ఆ కచేరీనుంచి వచ్చినవే. జప్తు అన్న మాటను తెచ్చిన దారే, జప్తును ఎదిరించి హక్కు అని అరిచే మాటను కూడా తెచ్చింది.

చివరికి "రైతు" అన్న మాటే తీసుకోండి. అరబ్బీలో దాని మూలానికి మంద అని, పాలనకు లోబడినవాళ్ళు అని అర్థం. ఏలేవాడు ఏలబడేవాణ్ణి చూసి పెట్టిన పేరది. ఆ పేరును తీసుకొని మనవాళ్ళు ఏం చేశారో చూడండి. మంద అన్న మాటను ఒక వర్గం పేరుగా, ఒక సంఘం పేరుగా, ఒక నినాదంగా మార్చుకొన్నారు. రైతు పాటలు రాస్తున్న కవులు, రైతు కథలు రాస్తున్న మనం ఆ మాట వాడిన ప్రతిసారీ, ఏ శతాబ్దాన్ని పరాయిదని పక్కకు నెడుతున్నామో దాని ముద్దనే నోట్లో పెట్టుకొంటున్నాం.

6

ఇక ఆత్మవిమర్శ. ఈ తెల్లకాగితానికి బాధ్యత పునరుద్ధరణవాదులది మాత్రమే అని చెప్పి తప్పించుకోలేం. వాళ్ళు నవాబుల్ని దుర్మార్గులని కొట్టివేశారు. మనం భూస్వామ్య యుగం అని కొట్టివేశాం. మన మాట శాస్త్రీయమైనదే. కాని శాస్త్రీయమైన మాటను కూడా తలుపు మూయడానికి వాడవచ్చు. భూస్వామ్యం అన్న తర్వాత కాకతీయులైనా, రాయలైనా, నవాబులైనా ఒకటే గదా, ఇంక చూసేదేముంది అనుకొన్నాం. ఒకటే అయితే ఊరు ఒక కాలంలో నిలిచి, ఇంకొక కాలంలో ఎందుకు పాడైంది? చెరువులు కట్టే అధికారం, చెరువులు తెంచే అధికారం ఒకటేనా? ఆ తేడాలు చెప్పలేని సిద్ధాంతం రచయితకు వస్తువును ఇవ్వలేదు. నినాదం ఇస్తుంది, అంతే.

మనం ఖాళీగా వదిలిన చోటును వేరేవాళ్ళు ఊరికే వదలలేదు. ఒకవైపు పాళెగాడు సినిమా కథానాయకుడైనాడు. 1800లో మన్రో వచ్చేనాటికి దత్తమండలాల్లో ఎనభైమంది పాళెగాళ్ళున్నారు. దొరతనాన్ని ఎదిరించి ప్రాణాలిచ్చినవాళ్ళు వాళ్ళ వంశాల్లో ఉన్నారు, వాళ్ళను గౌరవించవలసిందే. కాని పాళెగాడి మీసంతో సీమ చరిత్ర మొత్తాన్ని కొలిచినప్పుడు, అతనికి కావలికూలి కట్టిన ఊరు మళ్ళీ మాయమౌతుంది. ఇంకొకవైపు మన్రో దేవుడైనాడు. పిల్లలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకొన్న ఇళ్ళు ఈ సీమలో ఉండేవి. మంచి అధికారే కావచ్చు. శిస్తు నాలుగోవంతు తగ్గించమని 1807లో పైకి రాసిన మాటా నిజమే. పైవాళ్ళు ఒప్పుకోని మాటా నిజమే. కాని కోపెన్‌హేగన్ స్తంభంమీద రాజు పేరు ఎక్కినట్లు, ఇక్కడ రైతు జ్ఞాపకంమీద దొర పేరు ఎక్కింది. పైనున్నవాడి దయగా రాసుకొన్న చరిత్రలో కిందనున్నవాడికి మిగిలేది కృతజ్ఞత ఒక్కటే.

కాబట్టి నవల రాయబోయే ఆ మిత్రుడికి, అతనివంటి మరికొందరికి నేను చెప్పదలచుకొన్నది ఇది. నవాబును వదలవద్దు. మంచివాణ్ణి చేయడానికి ఆయాసపడవద్దు, చెడ్డవాణ్ణి చేయడానికీ ఆయాసపడవద్దు. అతణ్ణి కైఫీయతులో కరణం ఉంచినచోట ఉంచండి, వాక్యం మొదట్లో, కాలం గుర్తుగా. ఆ తర్వాతి వాక్యం బరువంతా ఊరిమీద వేయండి. ఫౌజు వచ్చేముందు గింజను పాతరలో దాచిన ఆడమనిషిని, కౌలు నమ్మాలా వద్దా అని వలసలో కూర్చొని తర్కించిన కాపుల్ని, వాళ్ళతో పాటు వలసపోయి, తిరిగివచ్చినప్పుడు మాన్యంలో పేరు లేని మాదిగను, నవాబు కచేరీలో పారసీ చదివి ఇంటికొచ్చి తెలుగులో లెక్క రాసుకొన్న గుమాస్తాను పట్టుకోండి. కరణం రాయనివాళ్ళను రాయడానికే గదా మీరున్నది.

అతడు నన్ను అడిగిన ప్రశ్నకు ఆరోజు సరైన జవాబు తట్టలేదు. కరువు నేలమీద మబ్బులాగ, ఆలస్యంగా తట్టింది. అప్పుడు మనకు రాజులెవరూ లేరు గదా అన్నాడు. ఉన్నారు. ఎప్పటిలాగనే ఎక్కువమందే ఉన్నారు. లేనిది వాళ్ళు కాదు. ఆ రాజులకింద బతికిన మనవాళ్ళు మన పుస్తకాల్లో లేరు. వెదకవలసింది వాళ్ళను.